ఎనిమిది నుంచి ఐదుకి దిగిన పరుపు గురించి నా వీలునామా

నేను, ఇరవై రెండేళ్లుగా మార్కెట్లో వస్తువుల బండారం బయటపెట్టే మాసపత్రికకు సంపాదకురాలిని, అందులో "దబ్బనం" అన్న పేరుతో శీర్షిక రాసేదాన్ని, వయసు యాభై ఏడు, నా చేత్తో నేను రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగానే ఉంది. స్థిరంగా లేనిది నడుము. ఈ శుక్రవారం వెన్నెముకకి ఆపరేషను. మత్తిచ్చే డాక్టరు ఒక కాగితం నా ముందుకి తోసి, "ఏమీ కాదమ్మా, ఊరికే ఒక సంతకం" అన్నాడు. ఏమీ కానిదానికి సంతకం ఎందుకని అడిగాను. నవ్వాడు. ఆ నవ్వు చూసి వచ్చాకే ఈ కాగితం మొదలుపెట్టాను. ఇందులో ఎవరి ప్రోద్బలమూ లేదు. నేను ఒకరు చెబితే వినే రకం కాదని నాతో ఐదు నిమిషాలు కూర్చున్న ఎవరైనా చెబుతారు. ఇంతకు ముందు ఏ వీలునామా రాయలేదు. రాశానని ఎవరైనా పట్టుకొస్తే అది దొంగది.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత మా ప్రెస్సు మేస్త్రికి అప్పగిస్తున్నాను. ఆయనతో నేను పోట్లాడని నెల లేదు. ప్రతి సంచికా రెండు రోజులు ఆలస్యం చేస్తాడు, అడిగితే సిరా ఆరలేదంటాడు. అయినా నేను రాసిన మాట ఒక్కటి కూడా తనంతట తాను మార్చలేదు. మార్చిన మనిషి సంగతి నాలుగో కలంలో వస్తుంది.

2. మా నాన్న పరుపులు కుట్టేవాడు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా దూదిలో మునిగి, ఊళ్లో నడుములన్నిటికీ మెత్తటి పక్కలు కుట్టి, తను మాత్రం గోనెపట్టా మీద పడుకునేవాడు. ఆయన పోయాక ఆ కొట్టుని మా తమ్ముడు నాతో ఒక్క మాట అనకుండా ఫోన్ల దుకాణానికి ఇచ్చేశాడు. నిలదీస్తే, "అక్కా, నీకు అన్నిటా అనుమానమే. కట్టుకున్న చీర పోగుల్ని కూడా లెక్కపెడతావు" అన్నాడు. అవును, పెడతాను. పోగులు తక్కువ వేసి అమ్మినవాళ్లని మూడుసార్లు పట్టుకున్నాను. నాన్న వాడిన చెక్క గజంబద్దని తమ్ముడికి ఇస్తున్నాను. తనకి కొలవడం ఇప్పటికైనా అలవాటు కావాలని. నాన్న దబ్బనం మాత్రం ఇవ్వను. దానితో ఐదో కలంలో పని ఉంది.

3. చరాస్తిలో ముఖ్యమైనది, ఈ వీలునామాకి అసలు కారణమైనది, మా పడకగదిలో ఉన్న ఖరీదైన గట్టి పరుపు. ఇద్దరికి సరిపడేది. లోపల గాలి తిత్తులు ఉంటాయట. రిమోట్ నొక్కి ఒకటి నుంచి పది దాకా ఎవరి సగాన్ని వాళ్లు మెత్తగానో గట్టిగానో చేసుకోవచ్చట. తల వైపు పైకి లేస్తుంది. కంపెనీ దీన్ని పరీక్ష కోసం పంపుతూ ఉత్తరంలో "చిరుకానుక" అని రాసింది. ఆ మాట చదివిన రోజే నాకు ఒళ్లు మండింది.

మా పత్రికలో పరీక్షకి ఒక పద్ధతి ఉంది, తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. ఒక్కో వస్తువునీ ఇద్దరు నలభై రోజులు వాడాలి. ఎవరి నోటుపుస్తకం వాళ్లది. ఆ నలభై రోజులూ ఆ వస్తువు గురించి ఒకరితో ఒకరు ఒక్క ముక్క మాట్లాడకూడదు. నలభయ్యో రోజు మేస్త్రి వచ్చి రెండు పుస్తకాలూ తెరిచి పైకి చదవాలి. ఆ తర్వాత వస్తువుని వెనక్కి పంపాలి, లేదా పూర్తి ధర కట్టి కొనాలి. ఇంకో నియమం నా ఒక్కదానిదే. పరీక్ష ముగిసేదాకా కంపెనీ అచ్చేసిన పుస్తకం ముట్టుకోను. వాళ్ల పొగడ్తలు నా కళ్లలో పడి నా నడుము మాట మార్చకూడదు.

ఈసారి పరీక్షకి నేను ఎడమ సగం, మా ఆడపడుచు కుడి సగం. గట్టి పరుపు పరీక్ష కాబట్టి రెండు సగాలూ నలభై రోజులూ ఎనిమిది అంకె మీదే ఉండాలని తీర్మానం.

పరుపుకి దక్కాల్సినది దానికి ఇస్తున్నాను. అంచు మీద డెబ్భై కిలోల ఇసుక బస్తా ఆరు గంటలు ఉంచితే అరంగుళం దిగింది, తీసేశాక గంటలో మళ్లీ లేచింది. నా సగంలో నిండా నీళ్లున్న గ్లాసు పెట్టి, మాట్లాడకూడదు కాబట్టి, ఆడపడుచుని తన సగంలో దొర్లమని సైగ చేశాను. ఆవిడ విసుక్కుంటూనే దొర్లింది. చుక్క ఒలకలేదు. వెల్లకిలా పడుకుంటే నడుముకి ఊతంగా ఉంది. పక్కకి తిరిగితే భుజం నొక్కుకుంటోంది. తల వైపు లేపితే మోటారు తేనెపట్టు కదిపినట్టు రొద పెడుతోంది. పూచీ ఇరవై ఏళ్లట. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరిని అడగాలో రాయలేదు.

గట్టి పరుపు నడుముకి మంచిదని అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉంది. ఏ డాక్టరు అన్నాడో లేదు. లోకంలో నడుములు విరిగేది ఎవరివి? బస్తాలు మోసేవాళ్లవి, పొద్దంతా కౌంటరు వెనక నిలబడేవాళ్లవి, ఇదే పరుపుని వంగి కుట్టేవాళ్లవి. ప్రకటనలో దీని మీద పడుకుని నవ్వే పిల్ల ఏనాడూ బిందె ఎత్తి ఉండదు. దీన్ని కుట్టిన మనిషి దీని మీద ఒక్క పూట పడుకోవాలంటే ఎన్నేళ్లు కుట్టాలో కంపెనీ లెక్క చెప్పగలదా? ఇది సంపాదకీయం కాదు, వీలునామా అని నాకు తెలుసు. అయినా ఊరుకోను.

ఇక అసలు సంగతి. పడుకునే ముందు ఎనిమిది మీద పెట్టి, రిమోట్‌ని బిస్కెట్ల డబ్బాలో వేసి, డబ్బాకి తాళం వేసి, తాళంచెవి దిండు కింద పెట్టుకుంటున్నాను. పొద్దున తీసి చూస్తే నా సగం ఐదు చూపిస్తోంది. ముప్ఫై ఏడు రోజుల్లో పందొమ్మిది సార్లు. కుడి సగం ఎప్పుడు చూసినా ఎనిమిదే. అంకె ఐదుకి దిగిన ప్రతి పొద్దునా నాకు నడుము నొప్పి తక్కువ. దీని అర్థం పసిపిల్లలకి కూడా తెలుస్తుంది. కంపెనీవాళ్లు ఎక్కడో కూర్చుని నా పరుపుని మెత్తబరుస్తున్నారు. నాకు సుఖం ఇచ్చి నా తీర్పు కొనాలని చూస్తున్నారు.

4. నా పేరు మీద ఉన్న ఇల్లు, మూడు గదులు, వెనక వరండా, మా ఆడపడుచు సంగతి.

నా భర్త పోయి పదకొండేళ్లు. ఆయన చెల్లెలు ఆ వారమే ఒక పెట్టెతో వచ్చి, "వదినా, నాలుగు రోజులు ఉంటాను" అంది. ఆ నాలుగు రోజులు ఇంకా అవలేదు. మా పత్రికకి ప్రూఫులు దిద్దుతుంది. ఎర్రసిరా పెన్ను లేకుండా కాఫీ కూడా తాగదు. తొమ్మిదేళ్ల కిందట నూనె మిల్లు మీద నేను రాసిన సంపాదకీయంలో "దొంగలు" అన్న మాట కొట్టేసి "అనుమానం ఉన్నవారు" అని వేయించింది. నాకు చెప్పకుండా. రెండు నెలలు ఆవిడతో మాట్లాడలేదు. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది.

ఈ ఇంట్లో జీవితాంతం ఉండే హక్కు ఆవిడకి ఇద్దామనే అనుకున్నాను. కానీ పన్నెండో రోజు ఆవిడ వంటగది తలుపు దగ్గరగా వేసుకుని ఫోన్లో చాలాసేపు మాట్లాడింది. నేను వెళ్లేసరికి పెట్టేసి, "ఏం లేదు వదినా, రాంగ్ నంబరు" అంది. రాంగ్ నంబరుతో పావుగంటా? తర్వాత ఫోన్ తీసి చూశాను. పరుపుల షోరూము నంబరు. ఇంకొకటి. ఇంత గొప్ప పరుపు మీద పడుకుంటూ ఆవిడ కళ్ల కింద నలుపెందుకు? మధ్యాహ్నం ప్రూఫుల మీదే కునుకెందుకు? మనసులో ఏదో పెట్టుకున్న మనిషికే నిద్ర పట్టదు.

కాబట్టి షరతు. నలభయ్యో రోజు ఆవిడ నోటుపుస్తకంలో ఈ ఐదు అంకె సంగతి ఉంటే ఇంటి హక్కు ఆవిడదే. అది ఉన్నది ఉన్నట్టు రాయకుండా, పరుపుని పొగిడి ఊరుకుంటే, ఆవిడ కంపెనీతో చేతులు కలిపినట్టే లెక్క. అప్పుడు నేను పోయిన మూడు నెలల్లో ఇల్లు ఖాళీ చేయాలి. ఇల్లు పత్రికకి చెందుతుంది. నాకు సొంత మనుషుల కంటే పాఠకులే దగ్గర. ఈ వాక్యం రాస్తుంటే చెయ్యి ఆగింది. ఆగినా రాశాను.

5. నా తదనంతరం మేస్త్రి నా డబ్బుతో పరుపుకి పూర్తి ధర కట్టి, ఇద్దరు సాక్షుల ఎదుట, నాన్న దబ్బనంతో కుట్లు విప్పి, పరుపు ఎడమ సగాన్ని కోసి, లోపల కంపెనీ పెట్టిన యంత్రం బయటికి తీయాలి. "పక్కలో బల్లెం" అన్న నా వ్యాసం కంపోజు అయి సిద్ధంగా ఉంది. యంత్రం ఫొటోతో అది మొదటి పేజీలో రావాలి.

6. పక్కింటి నర్సుకి నా భూతద్దం. మందు సీసాల మీద తేదీలు చదవడానికి. ఆవిడ ఇప్పటికే నా దగ్గర రోజూ అడిగి తీసుకెళుతోంది, తిరిగి ఇవ్వడం మర్చిపోతోంది. ఇక మర్చిపోయినా ఫరవాలేదు.

సోమవారం, పరీక్షలో ముప్ఫై ఏడో రోజు. సాక్షులు దొరకనందున సంతకం పెట్టలేదు.

దిద్దుబాటు

ఇవాళ గురువారం, నలభయ్యో రోజు. భోజనాల బల్ల దగ్గర మేస్త్రి రెండు నోటుపుస్తకాలూ తెరిచి చదివాడు. నాది ముందు చదివాడు. ఆడపడుచు వింటూ కూర్చుంది. ఐదు అంకె, కంపెనీ కుట్ర వచ్చేసరికి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందనుకుని మండిపడ్డాను. తర్వాత ఆవిడది చదివాడు. అందులోంచి రెండు మూడు ముక్కలు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"నాలుగో రోజు. తెల్లవారుజామున ఐదు గంటలు. వదిన నిద్రలో మూలుగుతోంది. కంపెనీ పుస్తకం ముప్ఫై ఒకటో పేజీ: రిమోట్ పోతే వాడుకోవడానికి కుడి అంచు కింద గుడ్డ మడతలో బొత్తాలు ఉంటాయి. నొక్కి చూశాను. ఎడమ సగాన్ని ఎనిమిది నుంచి ఐదుకి దించాను. మూలుగు ఆగింది. పరీక్ష చెడింది. నేనే చెడగొట్టాను."

"పన్నెండో రోజు. షోరూముకి ఫోన్ చేశాను. వెన్నెముక అరిగినవాళ్లకి ఏ అంకె మంచిదని అడిగాను. ఐదు కంటే దించవద్దన్నారు. వదిన వచ్చింది. నియమం ప్రకారం చెప్పకూడదు కాబట్టి అబద్ధం చెప్పాను."

"ఇరవై ఆరో రోజు. అలారం పెడితే వదిన లేస్తుంది. పెట్టకుండా ఐదింటికి లేవడం ఇంకా అలవాటు కాలేదు. కంపెనీ పుస్తకంలో అచ్చుతప్పులు ఇరవై మూడు."

"చిన్న అక్షరాలు ముందు చదవండి" అని ఇరవై రెండేళ్లుగా ప్రతి సంచిక అట్ట మీదా వేస్తున్నది నేను. ముప్ఫై ఒకటో పేజీ చదవనిది నేను. నలభై రోజులు నోరు విప్పకూడదన్న నియమం పెట్టిందీ నేనే. "మరి చెప్పొచ్చు కదా" అని అరిచాను. "చెబితే మళ్లీ మొదటి రోజు నుంచి పరీక్ష అంటావు. ఇంకో నలభై రోజులు ఆ ఎనిమిది మీద పడుకుంటావు" అంది. మేస్త్రి పుస్తకం మూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

పై కాగితాలు చించి కొత్తవి రాసుకోవచ్చు. చించను. తప్పు ఎంత పెద్ద అక్షరాల్లో పడిందో దిద్దుబాటూ అంత పెద్ద అక్షరాల్లోనే పడాలన్నది మా పత్రిక పద్ధతి. అందుకే నాలుగో కలం ఎలా ఉందో అలాగే ఉంచి, కింద అదే సైజు చేతిరాతతో రాస్తున్నాను.

నాలుగో కలంలోని షరతు రద్దు. ఇల్లు ఆడపడుచుది. జీవితాంతం ఉండే హక్కు మాత్రమే కాదు, పూర్తిగా ఆవిడదే. నూనె మిల్లు మీద ఆవిడ మార్చిన మాట వల్లే పత్రిక కోర్టు మెట్లు ఎక్కకుండా బతికిందని నాకు ఆ నెలలోనే తెలుసు. చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఐదో కలం రద్దు. పరుపు కోయరాదు. "పక్కలో బల్లెం" వ్యాసాన్ని మేస్త్రి విప్పేసి, సీసపు అక్షరాలు దేని అరలో దాన్ని వేసేయాలి. దాని బదులు మొదటి పేజీలో "పొరపాటు మాది" అన్న శీర్షికతో ఈ పరీక్ష ఎలా చెడిందో రావాలి. తీర్పు ఇవ్వడానికి మాకు హక్కు లేదు. పరుపుని పూర్తి ధర కట్టి కొన్నాను, రసీదు ఇందులో జతచేశాను. మోటారు రొద గురించి, ఇరవై ఏళ్ల పూచీ గురించి నా అనుమానాలు అలాగే ఉన్నాయి. పాఠకులు నిశ్చింతగా ఉండొచ్చు.

నాన్న దబ్బనం ఆడపడుచుకి. శీర్షిక కూడా. నేను తిరిగి వస్తే శీర్షిక వెనక్కి ఇవ్వాలి, దబ్బనం ఉంచుకోవచ్చు. రాకపోతే పరుపు ఎడమ సగాన్ని ఐదు మీద వదిలేయాలి. దాన్ని ఎవరూ ఎనిమిదికి మార్చకూడదు.

లబ్ధిదారు సాక్షి సంతకం పెట్టకూడదు గనక ఆడపడుచు పెట్టలేదు. అయినా ఈ కాగితాలు ప్రూఫు చూడకుండా ఆసుపత్రికి బయల్దేరనివ్వలేదు. తన మీద నేను రాసిన నిందల్లో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. మూడో కలంలో మాత్రం "పందొమ్మిది సార్లు" దగ్గర మార్జిన్‌లో ఎర్రసిరాతో రాసింది: "పందొమ్మిది కాదు వదినా, ఇరవై ఒకటి. స్కానింగుకి చీకటితోనే వెళ్లిన రెండు రోజులూ నువ్వు అంకె చూడలేదు."

దిద్దుబాటు అంగీకరించడమైనది.

గురువారం, నెలలో పదహారో తారీఖు, మధ్యాహ్నం మూడు గంటలకి, ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర.

సంతకం: దబ్బనం

సాక్షులు:
పక్కింటి నర్సు (భూతద్దం ఇప్పుడే తీసుకున్నాను, కాబట్టి లబ్ధిదారుని కాను)
వీధి చివర కుట్టుమిషన్లు బాగుచేసే పెద్దాయన