ఈరోజు పేషెంటును నేనే

రుచితా,

నిన్ను లేపలేదు. రొట్టెలు గిన్నెలో ఉన్నాయి. తిన్నాక ఫోన్ చార్జింగ్‌కు పెట్టు. మంచం మీద ఉతికిన దుప్పటి పరిచాను, పరీక్ష దాకా దాని మీద కూర్చోకు. చీరలు మడతపెట్టే పని సగం రోజే చేసి రెండింటికల్లా వచ్చేస్తాను. కరోనాకు కాలేజీ మూసినా నీ నర్సింగు ప్రాక్టికల్స్ ఫోన్‌లో జరుగుతాయని, పేషెంటును నేనేనని కార్ఖానా అంతా చెప్పాను. "పేషెంటువైతున్నందుకు గింత సంబురమేంది మాసీ?" అని సంగీత ఒకటే నవ్వు.

పోయినసారి నేను చేసింది మరిచిపో. ఫోన్‌లో మేడం కనిపించగానే మంచం మీంచి లేచి, కొంగు కప్పుకొని, "చాయ్ తాగుతరా మేడం" అన్నాను. పెద్ద మనిషి వస్తే పడుకొని ఎలా ఉంటాం? దానికి నువ్వు రెండు రోజులు మాట్లాడలేదు. ఈసారి నువ్వు పాసై మూడో సంవత్సరంలోకి వెళ్లాలి. బీపీ పట్టీ చుట్టేటప్పుడు చక్కిలిగింతలు పుట్టినా కదలను.

అమ్మ

ఇంకొకటి. పేషెంటును పేరుతో పలకరించాలన్నావు కదా, సిగ్గుపడకుండా లింగవ్వగారూ అను. కార్ఖానాలో నేను మాసీని, గల్లీలో రుచిత అమ్మను. మీ బాపు పోయాక నన్ను ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. వెంటనే పలక్కపోతే జర గట్టిగా పిలువు.