పన్నెండో రోజుకు తొమ్మిది మార్కులు

19వ తేదీ, శుక్రవారం
ఉదయం పదిన్నర

అమ్మాయికి,

అమ్మ ఆశీస్సులు. అల్లుడుగారికీ చెప్పు. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం నా అలవాటు. ఈసారి ఆ వాక్యం పక్కన పెట్టి, జరిగింది వరసగా రాస్తున్నాను. కూర్చుని చదువు, వంతెన పని దగ్గర నిలబడి కాదు. మొన్న ఫోనులో నీ కూతురికి మందు మార్చారని మాత్రమే చెప్పాను. మిగతాది ఇది.

బుల్లెమ్మకు దిగులు తగ్గే మాత్ర మొదలుపెట్టి నేటికి పందొమ్మిది రోజులు. మనసు తేలికపడడానికి మూడు నాలుగు వారాలు పడుతుందని డాక్టరుగారు మొదటి రోజే చెప్పారు. ఈలోగా కొందరికి, ముఖ్యంగా దాని వయసు వాళ్లకు, ఒకచోట నిలవనీయని అలజడి, చచ్చిపోవాలన్న ఆలోచన పెరగవచ్చనీ, రోజూ కనిపెట్టి ఉండమనీ అన్నారు. కనిపెట్టడం నాకు కొత్త కాదు. ముప్పయ్యారేళ్లు బడిలో చేసిన పని అదే. రూళ్ల పుస్తకం తీసి నిద్ర, తిండి, స్నానం, మాట, నడక అని ఐదు గడులు గీశాను. ఒక్కోదానికి రెండు మార్కులు. పుస్తకం భోజనాల బల్ల మీదే ఉండేది, తెరిచి.

మొదటి వారం మూడు, నాలుగు. రెండో వారం ఏడు, ఎనిమిది, తొమ్మిది. నీకు రాసిన రెండు ఉత్తరాల్లోనూ ఈ అంకెలే పంపాను. నా చేతిలో పడితే రోగం కూడా హోంవర్క్ చేస్తుందని నువ్వు ఫోన్ చేసి నవ్వావు. నేనూ కొంచెం పొంగిపోయాను.

పదిహేడున క్లినిక్‌కు వెళ్లాం. అక్కడి నర్సుకు ముప్పై ఏళ్లుంటాయేమో. నా పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివింది. "టీచరమ్మగారూ, అచ్చు వేయించొచ్చు, అంత బాగుంది. కానీ ఈ మందు ఇంత తొందరగా ఫస్ట్ క్లాసులో పాసవదండీ" అంది. బుల్లెమ్మను తూకం యంత్రం ఎక్కించింది. రెండు కిలోలు తగ్గింది. తిండి గడిలో వరసగా తొమ్మిది రోజులు రెండుకు రెండు ఉన్నాయి. నన్ను బయట కూర్చోమని, దాన్ని డాక్టరుగారి గదిలోకి తీసుకెళ్లింది. గోడ గడియారం ప్రకారం నలభై నిమిషాలు కూర్చున్నాను.

మళ్లీ పిలిచాక బుల్లెమ్మ నా వైపు చూడలేదు. అన్నం కవరులో వేసి పారేస్తోందట. నేను తొంగిచూసే వేళకు కళ్లు మూసుకుని పడుకుంటోందట. "తక్కువ మార్కులొస్తే అమ్మమ్మ మొహం చూడలేనండీ, చిన్నప్పట్నుంచీ అంతే" అని డాక్టరుగారితో చెప్పింది. కాళ్లు ఒకచోట ఉండనివ్వక సాయంత్రాలు వీధి చివరిదాకా పదేసి సార్లు తిరిగిందట. నేను 'నడక చురుకుగా' అని రాసి రెండేసి మార్కులు వేశాను. చచ్చిపోవాలనిపిస్తోందా అని ఆయన అడిగితే, రోజూ అని తలూపింది.

మోతాదు తగ్గించారు. అలజడికి వేరే మాత్ర ఇచ్చారు. మాత్రలన్నీ నా బీరువాలో తాళం వేసి ఉంచాలి. దాన్ని ఒంటరిగా వదలకూడదు. వారానికోసారి చూపించాలి, మధ్యలో నర్సు ఫోన్ చేస్తుంది. మార్కులు మానేసి, రోజూ సూటిగా ఆ ప్రశ్నే అడగమంది ఆవిడ. అడిగితే కొత్తగా ఆలోచన పుట్టదనీ, ఉన్నదే బయటికి వస్తుందనీ చెప్పింది.

నిన్న బీన్స్ తుంచుతూ అడగబోయాను. మొదటిసారి మంచినీళ్లు కావాలా అని అడిగి ఊరుకున్నాను. రెండోసారి ఫ్యాను వేయనా అన్నాను. మూడోసారికి నోరు పెగిలింది. "వైవా పెడుతున్నావా అమ్మమ్మా" అంది. పొద్దున అనిపించిందనీ ఇప్పుడు లేదనీ చెప్పింది. మిగిలిన బీన్స్ తనే తుంచింది. ఈ రోజు ఇంకా అడగలేదు, నిద్ర లేచి స్నానానికి వెళ్లింది. తలుపు గడియ పెట్టుకోవద్దన్నాను, పెట్టుకోలేదు.

ఉత్తరం కొరియరులో రేపటికి అందుతుంది.

మీ అమ్మ

తా.క. పైనంతా బుల్లెమ్మ నన్ను మోసం చేసినట్టు రాశాను. పూర్తి నిజం అది కాదు. పన్నెండో రోజు మధ్యాహ్నం ఇద్దరం దుప్పటి మడతపెడుతుంటే, "నేను లేకపోతే నీకీ పుస్తకం గొడవే ఉండేది కాదు కదా అమ్మమ్మా" అంది. నవ్వుతూనే అంది. అది వేళాకోళం కాదని నాకు అప్పుడే తెలిసింది. వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేయాల్సింది. చేస్తే నువ్వు పని వదిలి వస్తావు, నా చేత కాలేదని తేలిపోతుంది. అందుకని మాట గడిలో 'హాస్యం తిరిగి వచ్చింది' అని రాసి రెండు మార్కులు వేశాను. ఆ తర్వాత వారం రోజులు, క్లినిక్‌లో కూడా, ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఈ సంగతి ఇందాక డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను, స్నానం చేసి వచ్చాక బుల్లెమ్మకూ చెప్పాను. అది వచ్చి నా పక్కనే కూర్చుంది. ఇది నా ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. సెలవు పెట్టి రా.