రెండంతస్తుల రెక్కలు

తాడేపల్లిగూడెం,
సోమవారం.

మొండివాడైన మా రూబెన్ అన్నయ్యకి, నీకంటే మొండిదైన చెల్లెలు మానస సగం ప్రేమతో, సగం కోపంతో రాస్తున్నది.

ఫోన్‌లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. విమానం సంగతి తప్ప ఇంకేం ఎత్తినా సిగ్నల్ లేదమ్మా అంటావు. కాగితానికి ఆ సాకు చెప్పలేవు. చివరిదాకా చదువు.

మా కంపెనీ యుద్ధవిమానాల వీడియో ఆటలోకి ఒక పాత బాంబర్‌ని తెచ్చే పని నా చేతికి వచ్చినప్పుడు ఎంత మురిసిపోయానో నీకు తెలుసు. ఎప్పుడో మన తాతల కాలం నాటిది. రెండంతస్తుల రెక్కలు, మధ్యలో కర్రలు, బిగించిన తీగలు, నెత్తిమీద కప్పు లేకుండా కూర్చునే పైలట్. తీగల్లో గాలి ఈల వేయడం, బాంబు వదలగానే బరువు తగ్గి విమానం ఒక్కసారి పైకి లేవడం, అన్నీ నేనే కూర్చాను. ఇంజన్ చప్పుడు మన చెరువు గట్టుమీది డీజిల్ ఇంజన్‌దే. పరీక్షించడానికి ఏదో ఒక నేల కావాలంటే కొల్లేరునే పెట్టాను. విమానం ఈ ఊరి పాత రన్‌వే మీద లేచి చెరువుల మీదికి వెళ్తుంది. కట్టలు, మేత సంచులు వేలాడే గడలు, పడవలో మేత కట్టే మనిషి, అన్నీ ఉన్నాయి. మన పక్కనున్న ప్రసాదరావు చెరువు కూడా ఉంది.

దాని మీద మొదటి బాంబు వేసింది నేనే. మన కట్టకి గండి కొడుతుంటే అడ్డం వెళ్ళినందుకు వాడు నీ కుడిచేతి నాలుగు వేళ్ళూ నరికాడు. బురదలో వాటిని వెతికి అమ్మ కొంగులో మూట కట్టుకొచ్చింది. పెద్దలు కూర్చుని ఏం తేల్చారు? ఇకమీదట ఒకరి కట్ట ఒకరు తొక్కకూడదు, తొక్కినవాణ్ణి ఎంత కొట్టినా అడిగేవాడు ఉండకూడదు. అదీ కట్టుబాటు. అందుకే ఆటలో ఆ కట్ట పేలి, పడవ చీలి, ఆ మనిషి ముక్కలై లేస్తే నాకు కడుపు నిండింది. నీ మనసూ చల్లబడుతుందని నీకొక కాపీ పంపాను.

చల్లబడలేదు. తిండి మాని ఆడుతున్నావని వదిన చెప్పింది. రక్తం చాలట్లేదన్నావు, పెంచాను. గాలి అచ్చం మన చెరువుల మీది గాలిలా ఉండాలన్నావు, అలాగే చేశాను. ఎంత ఎత్తున వదిలితే ఎక్కడ పడుతుందని అడిగావు, ఆటే కదా అని చెప్పాను. నిన్న వదిన ఫోన్ చేసి, నువ్వు వరిచేలకి మందు కొట్టే పనికి వాడే డ్రోన్‌ని పనిలేని రోజుల్లో కూడా ఇంటికి తెస్తున్నావంది. ఎంత ఎత్తున వదిలితే అని నువ్వడిగింది అప్పుడు గుర్తొచ్చింది. బొటనవేలొకటి మిగిలింది, డ్రోన్ నడపడానికి అది చాలు అని నవ్వినవాడివి నువ్వే.

నేను చేసింది బొమ్మ అన్నయ్యా. ఆదివారం వస్తున్నాను. అంతవరకు ఆ డ్రోన్ జోలికి వెళ్ళకు. వెళ్ళావో, సొంత అన్నవని కూడా చూడను, స్టేషన్‌కి నేనే వెళ్తాను.

నీ చేతి ముద్దలు తిని పెరిగిన
మానస

ఏలూరు, ఆసుపత్రి,
మంగళవారం.

చిట్టితల్లి మానసకి, మీ అన్న ఎడమచేత్తో వంకరటింకరగా రాస్తున్నది.

ఆదివారం నువ్వు మంచం పక్కన కూర్చుని ఏడుస్తుంటే అసలు సంగతి దాచాను. కట్ట తొక్కానని ప్రసాదరావు మనుషులు నన్ను విరగ్గొట్టారని వదిన నీకు చెప్పింది. ఎందుకు తొక్కానో ఆవిడకీ తెలియదు.

నీ ఉత్తరం గురువారం పొద్దున అందింది. చదివి, మడిచి జేబులో పెట్టుకుని, డ్రోన్ లేపాను. అబద్ధమెందుకు, నీ మాట నాకు ఎక్కలేదు. మన కట్టమీద తుమ్మల చాటున కూర్చున్నాను. డ్రోన్ ట్యాంకులో చేపల్ని చంపే మందు. తెరమీద చెరువు నీ ఆటలోలాగే కనిపించింది. పడవలో ప్రసాదరావు. పనివాడు రాలేదని మేత కట్టడానికి తనే దిగాడట. వాణ్ణి చూడగానే చేపల్ని మరిచిపోయాను. డ్రోన్‌ని పడవ మీదికే దింపాను.

వాడు తలెత్తాడు. చెరువుకి మందు చల్లడానికి కొడుకు పిలిపించాడనుకున్నాడేమో. పడవలో లేచి నిలబడి, ఇటు రా, ఈ మూల కూడా కొట్టు అన్నట్టు చెయ్యి ఊపి చూపించాడు. నా వేళ్ళు తీసిన చెయ్యి. నాకు నవ్వొచ్చింది మానసా. మీట నొక్కాను.

మందు మొహం నిండా పడింది. కళ్ళు పట్టుకుని అరిచాడు. తెరమీద నోరు తెరుచుకోవడమే తెలిసింది, అరుపు గాలిమీద తర్వాత వచ్చింది. కడుక్కోవడానికి ఆ విషం నీళ్ళే దోసిలితో తీసుకుని మొహాన కొట్టుకున్నాడు, మళ్ళీ మళ్ళీ. ఆటలో అయితే ఆపాటికి ముక్కలయ్యేవాడు, నేను ఇంకోసారి మొదలుపెట్టేవాణ్ణి. ఇక్కడ వాడు చావట్లేదు. పడవ బోల్తా పడింది.

రిమోట్ ఎప్పుడు పారేశానో తెలియదు. "ఆ నీళ్ళు ముట్టుకోకురా" అని అరుస్తూ వాడి కట్టమీద పరిగెత్తాను. దూకి, జుట్టు పట్టుకుని గట్టుకి ఈడ్చాను. ఈలోగా వాళ్ళ మనుషులు వచ్చారు. కట్టుబాటు ఉంది కదా, ఎందుకొచ్చావని ఒక్కడూ అడగలేదు. తెడ్లతో కొట్టారు. పక్కటెముకలు విరిగిన చప్పుడు నాకే వినిపించింది. పడ్డాక మోకాలి మీద గడతో పొడిచారు. ముందు వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళండని అంటూనే ఉన్నాను, నోటినిండా రక్తంతో ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు.

వాడికి ఒక కన్ను పోయింది. రెండోది దక్కుతుందంటున్నారు. డ్రోన్ చెరువులో మునిగింది, ఎవరిదో ఇంకా తేలలేదు. కట్టుబాటు తప్పి, ప్రాణానికి తెగించి పగవాణ్ణి కాపాడానని మన ఊరూ వాళ్ళ ఊరూ నన్ను పొగుడుతున్నాయి. ఆ పొగడ్తలు దెబ్బలకంటే సలుపుతున్నాయి.

ఈ పొద్దున ప్రసాదరావు భార్య సూరమ్మగారు నాకోసం క్యారేజీ తెచ్చారు. మంచం దగ్గర చేతులు జోడించి, "మా ఆయన మీ వేళ్ళు తీస్తే, మీరు మా ఆయన ప్రాణం నిలబెట్టారండి" అన్నారు. ఇడ్లీ తుంచి నా నోటికి అందించబోయారు.

"ఆ మందు పోసింది నేనేనండి" అన్నాను.

ఆవిడ చేతిలోని ఇడ్లీ ముక్కని తిరిగి క్యారేజీలో పెట్టారు. తర్వాత క్యారేజీ ఎత్తి నా మొహం మీద కొట్టారు. నర్సులు వచ్చి పట్టుకునేదాకా కొడుతూనే ఉన్నారు. కనుబొమ మీది కుట్లు విడిపోతే మళ్ళీ వేశారు. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు.

సాయంత్రం పోలీసులు వస్తారు, వాళ్ళకీ ఇదే చెప్తాను. నువ్వు బెయిలు కోసం ఎవరినీ బతిమాలకు, వదినని చూసుకో. ఇంతవరకూ నా ఒంటిమీద పడిన దెబ్బల్లో, మానసా, నాకు నిజంగా రావలసినవి ఆవిడ కొట్టినవే.

నీ అన్న
రూబెన్