టర్బో ఈల వేసింది

బావా,

అన్నం కుక్కర్ల ఉన్నది. పచ్చిపులుసు మీద మూత పెట్టిన. కారు ఏదని పరేషాన్ గాకు, నేనే తీస్కపోతున్న.

పోయిన ఏడు మనం ఇంజన్‌కు బలం పెంచే టర్బో బిగిచ్చి, జోరుగ ఉరికిచ్చి, వెంటనే ఇంజన్ బంద్ జేస్తే కాలిపాయె గద. ఉరికినంక జరసేపు ఇంజన్‌ను ఊరికె నడవనియ్యాలంట. అప్పుడు మనకు తెల్వలే. కోదాడల యాదగిరన్న షెడ్డుకు పోయి మెకానిక్ పని నేర్సుకుంటనంటే నువ్వు నవ్వినవ్. అయినా పోయిన. కొత్త టర్బో పెట్టి, దానికి ఆయిల్ మంచిగ అందేటట్టు పైపు నా చేతులతోనే వేసిన. పొద్దున పెన్‌పహాడ్ రోడ్డు మీద తొక్కితే టర్బో సన్నగ ఈల వేసింది బావా. అప్పటిసంది నా కాళ్లు నేల మీద ఆగుతలేవు.

నాతోని వచ్చిన అత్తమ్మ ఇగ సీట్లకెల్లి దిగుతలేదు. "మిర్యాలగూడల మా చెల్లె ఇంటిదాక పోనియ్యి బిడ్డా, వానికి చెప్పకు" అంటది. నేను చెప్తలేను, రాస్తున్న. బయట హారన్ కొడుతున్నది, పోతున్న.

సౌందర్య

నవ్వినందుకు కోపం ఇంకా ఉన్నది. అది పోవాలంటే సాయంత్రం నేను నడుపుత, నువ్వు పక్కన కూసో.