హేమ గాజుపెట్టెలో రొయ్యలు

చీపురుపల్లి,
14-6-2015.

తమ్ముడు శివాజీని, మరదలు చిన్నతల్లిని అక్క దానమ్మ మనసారా దీవించి రాసేది. ఇక్కడ మేమంతా తిని తిరుగుతున్నాం. మీరూ అలాగే ఉన్నారనుకుంటాను.

సంబంధం సంగతి ఫోన్‌లో అయితే కోపంలో ఏమనేస్తానోనని ఉత్తరం రాస్తున్నాను. అంతా మా హేమ పెంచే ఆ దిక్కుమాలిన రొయ్యల వల్లే చెడింది.

ఎచ్చెర్లలో చదువయ్యాక విశాఖపట్నం నుంచి కొని తెచ్చి హాల్లో గాజుపెట్టెలో పెట్టుకుంది. మంచినీటి రొయ్యలట. ముందుకాళ్ళకి విసనకర్రల్లాంటి కుచ్చులుంటాయి. మోటారు నీళ్ళు తోసే చోట కూర్చుని వాటిని విప్పుతాయి, కొట్టుకొచ్చే నలకలు పట్టి, ఒక్కో చెయ్యీ నోట్లో దోపుకుని నాకుతాయి. రోజంతా అదే పని. నీళ్ళు మరీ తేటగా ఉంటే వాటికి తిండి దొరకదట! అందుకని ఈ మహాతల్లి ఏదో పచ్చటి పొడి కలిపి వదులుతుంది. హాలంతా నాచు కంపు. మొన్న ఒకటి చచ్చిందనుకుని పుల్లతో తీసి పారేశాను. అది ఒట్టి పెంకు. కాసేపటికి అదే రొయ్య రాయి వెనక నుంచి మెత్తగా, జిగురుగా బయటికొచ్చింది. ఛీ! ఆ పూట అన్నం సయించలేదు. రొయ్యలమ్మి బతికే ఇంట్లో రొయ్యలకి మనం మేత పెట్టడమేమిటి? మీ బావ మాత్రం నవ్వి ఊరుకుంటాడు.

పోయిన ఆదివారం చిన్నతల్లి అక్క తవిటమ్మ వదిన, కొడుకు అప్పలసూరిని తీసుకుని పిల్లని చూడ్డానికి వచ్చిందా. వస్తూనే గాజుపెట్టె చూసి, ఏటి వదినా, మాకోసం రొయ్యల్ని బతికించే ఉంచినావు, పులుసెట్టేత్తావేటి అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా వదిన మంచిది, పిల్ల నచ్చిందని, ఆ కంపు మాత్రం తమ ఇంటికి తేవద్దని మర్నాడు కబురు చేసింది. ఈ పిచ్చిది వింటేనా! రొయ్యలు రాని ఇంటికి తనూ రానంది. ఇంక ఏ మొహం పెట్టుకుని మాట్లాడను? ఈ సంబంధం వద్దులే అని చెప్పేశాను. చిన్నతల్లీ, నన్ను తిట్టుకోకమ్మా.

మీ అక్క,
దానమ్మ.

తా.క.: శివాజీ, ఈ ముక్క చింపేసి పైది మాత్రమే చిన్నతల్లికి చూపించు. ఉత్తరం నువ్వు పనిచేసే చోటికి పంపింది అందుకే. తన అక్క కొడుకు గురించి ఇది వింటే తట్టుకోలేదు.

రొయ్యలు రాని ఇంటికి రానని హేమ అనలేదు. పెట్టె ఎవరికైనా ఇచ్చేస్తానులే అమ్మా అంది. ఈ సంబంధం వద్దన్నది నేను. ఆ రోజు వదినా, మీ బావా పెరట్లో ఉన్నప్పుడు అప్పలసూరి పెట్టెలో చెయ్యి పెట్టి ఒక రొయ్యని తీశాడు. దాని కుచ్చులు ఒక్కొక్కటే పీకాడు. ఒగ్గీ బావా, అది ఏటీ సెయ్యదు, ఒగ్గీ అంటూ వదిలెయ్యమని పిల్ల బతిమాలింది. వాడు రొయ్యని చూడటం లేదురా. పీకినప్పుడల్లా హేమ మొహం చూసి నవ్వుతున్నాడు. వంటింటి గుమ్మంలోంచి నేనంతా చూశాను.

రొయ్యల తలలు తుంచుతూనే ముసలిదాన్నయ్యాను, నాకెప్పుడూ ఏమీ అనిపించలేదు. ఆ నవ్వు గుర్తొస్తే మాత్రం డోకొస్తోంది. వాడికి నా పిల్లనివ్వను.