పట్టీలో మొదటి రెండు పేర్లు

ప్రమాది, ఫాల్గుణ బహుళ తదియ, మంగళవారం. రాజోలి.

టీకాల పట్టీ నేనే రాశాను. ఇళ్ల వరుసన నలభై పేర్లు, ఒక్క కొట్టివేత లేదు. మొదట అన్నయ్య, వదిన. నిరుడు ఇద్దరికీ అమ్మవారు పోసి, చావు తప్పి బయటపడ్డారు. ఒకసారి పోసినవారికి మళ్లీ రాదని చదివి ఎరుగుదును. అయినా వారిని విడిచిపెడితే అన్నయ్యకు చిన్నతనమని రాశాను.

టీకాలాయన అన్నయ్య ముఖంలోని మచ్చలు చూసి నవ్వాడు.

"మీకు అమ్మనే టీకా ఏసింది గద పటేలా, మల్ల నాతోని ఎందుకు?"

"మా ఇంటిని ఇడిసిపెట్టి ఊరికి ఏస్తవా? ముందుగాల మాకే!" అంటూ అన్నయ్య చేయి చాపాడు. వదిన కూడా చాపింది. నేను పట్టీలో ఆ రెండు పేర్ల పక్కన గుర్తు పెట్టాను.

చివరి రెండు పేర్ల దగ్గర మందు అయిపోయింది. మగ్గం నేసే నర్సమ్మ, ఆమె చంకలోని పిల్ల. వాళ్ల పక్కింట్లో ఇప్పటికే అమ్మవారు పోసింది. టీకాలాయన మళ్లీ వచ్చేది నెల తర్వాతనే.

"మా పేర్లు రాసినవ్ గద, అయ్యా?"

"రాసిన, నర్సమ్మా."

సాయంత్రం అన్నయ్య దండచేయి చూపించి, "జర సలుపుతుందిరా" అన్నాడు, సంతోషంగా.

ఒక్క కొట్టివేత లేని ఈ పట్టీలో నెల తిరిగేలోగా ఏ పేరు కొట్టివేయవలసి వస్తుందో…