సమాధి రాయి కోసం దాచిన చీటీ

నా సూసూ,

పక్కింటి ఉమ్మ్ నాగీ కైరో వస్తుంటే ఈ ఉత్తరంతో పాటు డబ్బు పంపుతున్నాను. తిప్పి పంపకు తల్లీ. మన వీధి ఆడవాళ్ళ చీటీలో నా వంతు వచ్చింది. మీ అన్న సర్వత్ సమాధికి పాలరాయి వేయిద్దామని దాచుకున్న వంతు అది.

కుట్టు దుకాణం పెట్టడానికి బ్యాంకు అప్పు ఇవ్వలేదని నువ్వు ఫోన్లో ఏడ్చావు. ఒక్క వాయిదా తప్పని పిల్లకి ఎందుకివ్వరని ఉమ్మ్ నాగీ అల్లుడిని అడిగాను. అతను బ్యాంకులోనే కదా. "పిన్నీ, తాకట్టు లేని అప్పు అది, స్కోరు చూసే ఇస్తారు. మూడు క్రెడిట్ కార్డులూ అంచుదాకా వాడేస్తే, వాయిదాలు కట్టినా స్కోరు పడిపోతుంది. చాలావరకు తీర్చేస్తే మెల్లగా లేస్తుంది" అన్నాడు.

ఆ కార్డులు నిండింది అన్న మందులకే కదా. వాడి అప్పు నీ నెత్తిన ఉండగా వాడి మీద పాలరాయి ఎలా పరవను? ఆ మాటే అంటే ఉమ్మ్ నాగీ, "మన సర్వత్ ఉంటే, రాయి నాకెందుకే పిచ్చి అమ్మా, చెల్లి చేత కొట్టు తెరిపించు అనేవాడు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. వాడు పోయాక వాడి పేరెత్తి నవ్వడం అదే మొదలు.

కార్డులు తీర్చెయ్. మూసెయ్యకు, ఖాళీగా ఉంచుకోమన్నాడు అల్లుడు. శుక్రవారం సమాధి మీద పచ్చి ఖర్జూర మట్టలు పరిచి వచ్చాను. చల్లగా, బాగుంది.

వాయిదాల కోసం రాత్రిపూట తినడం మానేశావని తెలుసు. సంచిలో రొట్టెలు, మన దుమ్యాత్ తెల్ల చీజు పెట్టాను. కడుపునిండా తిను.

అమ్మ